చీము పట్టిన మోకాలు: రెండోసారి తెరవాల్సి వచ్చిన ఒక కేసు

అనంతపురంలో మాది చిన్న ఆస్పత్రి. నా దగ్గరికి వచ్చే మోకాళ్ళలో ఎక్కువ అరిగిపోయినవే. చీము పట్టిన మోకాలు నెలకొకటి కూడా రాదు. అప్పుడప్పుడూ వస్తుంది కాబట్టే వచ్చినప్పుడు తడబడతాం. ఈ కేసులో నేను కూడా ఒకచోట తడబడ్డాను. ఆర్థోపెడిక్స్ చదువుతున్న పిల్లలకూ, జిల్లా పట్టణాల్లో ఒంటరిగా ప్రాక్టీసు చేసే తోటి డాక్టర్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయనకు 52 ఏళ్ళు. కళ్యాణదుర్గం వైపు పల్లె. నాలుగెకరాల శనక్కాయ చేను, పాతిక దాకా మేకలు. షుగర్ ఎనిమిదేళ్ళ నుంచి ఉంది. మాత్రలు గుర్తొచ్చిన రోజు వేసుకుంటాడు, లేని రోజు లేదు. శనక్కాయ పీకే రోజుల్లో వంగీ కూర్చునీ పనిచేయడంతో కుడి మోకాలి నొప్పి ఎక్కువైంది. ఊరికి దగ్గర్లో ఒకాయన మోకాల్లోకే సూది వేశాడు. ఏం మందో చీటీ లేదు. భార్య చెప్పిన తీరు బట్టి స్టెరాయిడ్ అయ్యుండాలి.

"సూదేపిచ్చినాక రెండు దినాలు బాగనే తిరిగినాడు సార్. మూడో దినం రేత్రి చలి జరం పట్టుకున్య. మోకాలు ఉబ్బిపోయి కుండ మాదిరి అయిపాయ" అంది ఆమె.

మళ్ళీ అక్కడికే వెళ్తే నీరు పట్టిందన్నారు. మూడు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు, నొప్పి మాత్రలు ఇచ్చారు. జ్వరం కొంచెం తగ్గింది, మోకాలు తగ్గలేదు. సూది వేసిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం కొడుకు ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకొచ్చాడు.

బల్ల మీద పడుకోబెట్టగానే నేను చూసింది కాలు పెట్టుకున్న తీరు. మోకాలు ముప్ఫై డిగ్రీల వంపులో ఉంది, కింద దుప్పటి మడత పెట్టుకున్నాడు. కీలు లోపల ద్రవం నిండినప్పుడు ఆ వంపులోనే లోపలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, అందుకే మనిషి తెలియకుండానే అలా పెట్టుకుంటాడు. నేను మడమ పట్టుకుని అర అంగుళం కదిలించబోతే కేక పెట్టాడు. ఈ ఒక్క గుర్తుకు నేను చాలా విలువిస్తాను. చర్మానికి మాత్రమే ఇన్ఫెక్షన్ ఉన్నా, చిప్ప ముందున్న తిత్తిలో చీమున్నా మోకాలు ఎర్రగా, వేడిగా ఉంటుంది గానీ మెల్లగా కదిలిస్తే కొంతైనా కదలనిస్తారు. కీలు లోపల చీముంటే అసలు కదలనివ్వరు.

జ్వరం 101.8, నాడి 112. షుగర్ 386. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.2. తెల్లకణాలు 18,400. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ తీవ్రత చెప్పే సీఆర్పీ 212. క్రియాటినిన్ 1.6, అంటే కిడ్నీ కూడా కొంత దెబ్బతింది. మూడు రోజులు మింగిన నొప్పి మాత్రలు, ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం, రెండూ కారణమై ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఎముక తినేసిన గుర్తులు లేవు. లోపలి వైపు సందు మాత్రం పాత అరుగుదలతో ముందే సన్నబడి ఉంది.

రెండు మడమలూ పగిలి ఉన్నాయి. కుడి మడమ పగులులో కొంచెం చీము. దాన్ని కేసు షీట్‌లో రాసుకున్నాను. సూది వేసినాయన్ని తిట్టడం తేలిక, రోగి ఇంట్లోవాళ్ళు అప్పటికే ఆ పని చేస్తున్నారు. కానీ షుగర్ అదుపులో లేని మనిషికి మడమ పగులులోంచి స్టాఫైలోకోకస్ క్రిమి రక్తంలోకి పోయి, అప్పటికే అరిగి వాచిన మోకాల్లో దిగడం కూడా అంతే సాధ్యం. మోకాల్లోకి నేరుగా సూది పోయింది కాబట్టి అనుమానం దాని మీదే ఎక్కువ ఉంటుంది. రుజువు మాత్రం నా దగ్గర లేదు.

ఆ గంటలో తప్పకుండా జరగాల్సింది మోకాల్లోంచి ద్రవం తీయడం. మొదటి యాంటీబయాటిక్ డోసు పడకముందే తీయాలి. రోగికి జ్వరం, బీపీ పడిపోతోంది, క్షణం ఆగలేం అన్న పరిస్థితి అయితే వేరు. అలా లేనప్పుడు పది నిమిషాలు ఆగి సిరంజి పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. చర్మం ఎర్రగా ఉబ్బిన చోట గుచ్చితే బయటి క్రిమిని మనమే లోపలికి తోసినట్టవుతుంది కనుక చిప్ప పై బయటి అంచు దగ్గర, చర్మం బాగున్న చోట గుచ్చాను. 60 ఎం.ఎల్. వచ్చింది, మజ్జిగలో పసుపు కలిపినట్టు. కణాల లెక్కకు ఒక గొట్టం, రంగు వేసి క్రిమిని వెతికే గ్రామ్ స్టెయిన్‌కు ఒకటి, మిగతాది క్రిమిని పెంచి గుర్తుపట్టే రక్తం కల్చర్ సీసాల్లోకి. మామూలు డబ్బాలో పంపితే పెరగని క్రిమి ఆ సీసాల్లో పెరిగే అవకాశం ఎక్కువ. ఈయన మూడు రోజులు మాత్రలు మింగి వచ్చాడు కాబట్టి ఇంకా అవసరం. రెండు చేతుల నుంచీ రక్తం కల్చర్లు కూడా తీశాం.

గంటన్నరలో ల్యాబ్ ఫోను చేసింది: 94,000 కణాలు, 93 శాతం న్యూట్రోఫిల్స్ (చీములో ఎక్కువగా ఉండే తెల్లకణాలు), గుత్తులు గుత్తులుగా గ్రామ్ పాజిటివ్ కోకై (స్టాఫైలోకోకస్ లాంటి గుండ్రటి క్రిములు). గౌట్ వాతంలో కనిపించే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు లేవు. యాభై వేలు దాటితే గట్టిగా అనుమానించాలంటారు. అయితే పది, ఇరవై వేలే ఉన్నంత మాత్రాన లేదని తీసిపారేయకూడదు, షుగర్ ఉన్నవాళ్ళలో, స్టెరాయిడ్ పడ్డవాళ్ళలో మరీ. గ్రామ్ స్టెయిన్ నెగటివ్ వచ్చిందని ఊరుకోవడం ఇంకో పొరపాటు, చీమున్న కీళ్ళలో కూడా అది చాలాసార్లు ఖాళీగానే వస్తుంది. స్ఫటికాలు కనిపిస్తే గౌట్ అని తేల్చేయడం మూడో పొరపాటు. రెండూ ఒకే మోకాల్లో ఉండొచ్చు.

వాంకోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టాం. ఇన్సులిన్ పంపు పెట్టాం.

ఇక ఆపరేషన్. కొడుకు అడిగాడు, "సూదితో తీసేస్తిరి కదా సార్, ఇంగా ఆపరేషన్ ఏంటికి?" అని. ప్రశ్న సరైందే. సూదితో రోజూ తీస్తూ మందులివ్వడం కూడా ఒక వైద్యమే. కీళ్ళవాత వైద్యుల్లో చాలామంది దాన్నే ముందు చేస్తారు. మోకాలు సూదికి సులభంగా అందే కీలు, తుంటి లాగా లోతుగా దాక్కోదు. జబ్బు మొదలై ఒకటి రెండు రోజులే అయితే, ద్రవం పలుచగా ఉంటే, మత్తు తట్టుకోలేని ముసలివాళ్ళయితే నేనూ సూదితోనే మొదలుపెడతాను. రెండు రోజుల్లో ద్రవం తగ్గుతూ, కణాల లెక్క పడిపోతూ రావాలి. రాకపోతే ఇంక సూదిని పట్టుకుని వేలాడకూడదు. ఈయనకు జ్వరం మొదలై ఆరు రోజులైంది. చిక్కటి చీములో తెట్టెలు ఉంటాయి. తెట్టె సూదిలోంచి రాదు.

కొడుక్కి నేను చెప్పింది ఇంత వివరంగా కాదు. "బావిలో నీళ్ళు తోడితే అడుగు బురద పోతుందా నాయనా?" అన్నాను. బావి పూడిక తీయించిన ఇంటివాళ్ళు కాబట్టి ఇంకేం అడగలేదు.

మందు ఇస్తే క్రిమి చస్తుంది కదా, కడగడం ఎందుకన్నది కూడా అసలు ప్రశ్నే. మృదులాస్థిని, అంటే ఎముక చివర ఉండే నున్నటి పొరను, పాడుచేసేది క్రిమి ఒక్కటే కాదు. దాన్ని చంపడానికి వచ్చిన తెల్లకణాలు విడుదల చేసే ఎంజైములు కూడా ఆ పొరను కరిగిస్తాయి. క్రిమి చచ్చిపోయినా ఆ చీము లోపలుంటే కరగడం ఆగదు. మొదటి కొద్ది రోజుల్లోనే ఆ పొర తన గట్టితనం పోగొట్టుకుంటుంది. తర్వాత పోయేది తిరిగి రాదు. అందుకే కడగడమంటే క్రిమిని తీయడం ఎంతో, ఆ ఎంజైముల్నీ తెట్టెల్నీ తీయడం కూడా అంతే.

కడగడానికి రెండు దారులు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి కడిగే ఆర్త్రోస్కోపీ ఒకటి, కోసి తెరిచే ఆర్త్రోటమీ రెండోది. చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ తెరిచి కడిగితేనే కడిగినట్టు అనేవారు. ఇప్పుడు గాలి ఆర్త్రోస్కోపీ వైపు వీస్తోంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 166 మోకాళ్ళను వెనక్కి తిరిగి చూశారు. మూడుసార్లు కడిగేసరికి ఆర్త్రోస్కోపీ వర్గంలో 97 శాతం, తెరిచిన వర్గంలో 83 శాతం కుదుటపడ్డాయి. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. చీటీలు తీసి వర్గాలుగా విడగొట్టిన అధ్యయనం కాదది. ముదిరిన మోకాళ్ళను సర్జన్లు తెరవడం వైపే మొగ్గుతారు, ఆ తేడా అంకెల్లో కలిసిపోతుంది. అయినా ఆ లెక్కలో నాకు పట్టిన ముక్క వేరే: 'మూడుసార్లు కడిగేసరికి'. ఒక్కసారితో తేలిపోతుందని ఏ వర్గమూ చెప్పలేదు.

స్కోప్ లేని చోట ఉన్న తోటి డాక్టర్లకు ఒక మాట. పరికరం లేదని చీము నిండిన మోకాలిని అనంతపురం నుంచి 150 కిలోమీటర్ల కర్నూలుకో, 200 దాటిన బెంగళూరుకో పంపించి, అక్కడ బెడ్డు దొరికేసరికి ఇంకో రోజు పోగొట్టడం కంటే, మత్తు ఇచ్చే మనిషి ఉంటే మీ దగ్గరే చిన్న కోతతో తెరిచి కడిగి పంపడం ఎంతో మేలు. అది పాతకాలపు పద్ధతని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

రాత్రి తొమ్మిదికి ఆయన్ని థియేటర్‌కి తీసుకెళ్ళాం. రక్తంలో క్రిమి ఉండొచ్చన్న అనుమానంతో మత్తు డాక్టరు వెన్నులో సూది వద్దని పూర్తి మత్తే ఇచ్చారు. టూర్నికే, అంటే కాల్లోకి రక్తం రాకుండా ఆపే బిగింపు, కట్టేముందు మామూలుగా రబ్బరు పట్టీ చుట్టి రక్తం పైకి పిండుతాం. చీమున్న కాలికి ఆ పని చేయకూడదు, చీమునే పైకి తోసినట్టవుతుంది. కాలు అయిదు నిమిషాలు ఎత్తి పట్టుకుని టూర్నికే బిగించాం.

లోపల ఏముందో చెప్పుకోవడానికి స్విట్జర్లాండ్ సర్జన్ గెష్టర్ పేరుతో నాలుగు దశల వర్గీకరణ ఉంది. మొదటిది ద్రవం మసక, లోపలి పొర ఎరుపు. రెండోది చీము, తెట్టెలు. మూడోది పొర దళసరై, చిప్ప పై సంచి అరలు అరలుగా విడిపోవడం. నాలుగోది పొర మృదులాస్థి మీదికి పాకి దాన్ని కింద నుంచి తొలవడం, అప్పుడు ఎక్స్‌రేలో కూడా ఎముక తినేసినట్టు కనిపిస్తుంది. నేను రెండో దశ అనుకుని వెళ్ళాను. కెమెరా పెట్టగానే పై సంచిలో తేనెపట్టు కనిపించింది. అరకు అర, ప్రతి అరలో చీము. మూడో దశ.

ముందు వైపు రెండు రంధ్రాలు, చిప్ప పై బయటి వైపు ఒకటి. లోపల తిరుగుతూ కోసే షేవర్‌తో అరలన్నీ పగలగొట్టాను, తెట్టెలు తీశాను, పాడైన పొర తీశాను. అయిదు చోట్ల నుంచి ముక్కలు తీసి కల్చర్‌కూ బయాప్సీకీ టీబీ పరీక్షకూ పంపాను. తొమ్మిది లీటర్ల సెలైన్ పోయించాను. సెలైన్‌లో యాంటీబయాటిక్ కలపలేదు. దానివల్ల లాభమని నాకు నమ్మకం లేదు. చివర్లో తెర మీద నీళ్ళు తేటగా కనిపించాయి. మిగిలిన ద్రవం బయటికి రావడానికి డ్రెయిన్ గొట్టం పెట్టి బయటికొచ్చేశాను.

పొరపాటు ఇక్కడే జరిగింది. మోకాలికి ముందు భాగం ఎంతో వెనక భాగమూ అంతే ఉంటుంది. ముందు రంధ్రాల్లోంచి వెనక గది సరిగా కనిపించదు, కడగడమూ కుదరదు. దానికి లోపలి వెనక వైపు ఇంకో రంధ్రం పెట్టాలి. ఆ చోటు మోకాలిని తొంభై డిగ్రీలు వంచి, లోపలి కెమెరా వెలుతురు చర్మం మీద పడేలా చూసి, సిరనూ నరాన్నీ తప్పించి పెట్టాలి. కష్టం కాదు, పదిహేను నిమిషాల పని. కానీ రాత్రి పదిన్నర దాటింది, ముందు వైపు తేటబడింది, షుగర్ పేషెంటు, త్వరగా ముగిద్దామన్న తొందర. నాకు నేను చెప్పుకున్న సాకులివి.

మరుసటి రోజు జ్వరం తగ్గింది. రోగి కాఫీ తాగి "పానం లేచొచ్చె సార్" అన్నాడు. సీఆర్పీ 224. ఆపరేషన్ చేసిన మర్నాడు పెరగడం మామూలే. రెండో రోజు 186. అప్పుడు నాకు టెన్షన్ తగ్గింది. నలభై ఎనిమిది గంటలకు రెండోసారి కెమెరా పెట్టి చూద్దామని ముందు అనుకున్నవాణ్ణే, అంకె తగ్గుతోంది కదా, ఒకరోజు చూద్దాం అన్నాను. మూడో రోజు 179. నాలుగో రోజు పొద్దున 191. ఇన్సులిన్ అవసరం మాత్రం ఒక్క రోజు కూడా తగ్గలేదని నర్సు చార్ట్‌లో కనిపిస్తూనే ఉంది. లోపల చీము మిగిలి ఉందని షుగర్ మనకన్నా ముందే చెబుతుంది. నేను సీఆర్పీ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ పొద్దున రౌండ్‌లో ఆయన తనంతట తానే చెప్పాడు. "ముందర బాగుంది సార్. యెనకాల పట్టేసినట్టుంది" అని మోకాలి గుంటలో చెయ్యి పెట్టి చూపించాడు. అల్ట్రాసౌండ్‌లో వెనక గదిలో చిక్కటి ద్రవం, దానికి అంటుకుని పిక్క పైభాగం దాకా దిగిన తిత్తి. అరుగుదల ఉన్న మోకాళ్ళకు వెనక ఉండే బేకర్ తిత్తే అది. కీలుతో దారి కలిసి ఉంటుంది కాబట్టి చీము అందులోకి దిగి కూర్చుంది. మొదటి రాత్రి నేను పెట్టని ఆ రంధ్రంలోంచి ఇదంతా కనిపించేది.

మధ్యాహ్నం రెండో ఆపరేషన్. ఈసారి స్కోప్ ఒక్కదాని మీద ఆధారపడలేదు. ముందు లోపలి వైపు ఏడు సెంటీమీటర్ల కోతతో తెరిచి, మళ్ళీ పేరుకున్న తెట్టెల్ని వేళ్ళతో తీసినంత తేలిగ్గా తీశాం. వెనక లోపలి వైపు వేరే కోతతో తిత్తిని తెరిచాం, ముప్ఫై ఎం.ఎల్. చీము వచ్చింది. వెనక గదిని కెమెరా పెట్టి కళ్ళతో చూస్తూ కడిగాం. ప్రధాన రక్తనాళం ఆ గది వెనకే ఉంటుంది కాబట్టి అక్కడ షేవర్ తిప్పేటప్పుడు మూతి ఎప్పుడూ ముందుకే తిరిగి ఉండాలి. రెండు డ్రెయిన్లు పెట్టాం. చూడగలిగిన మేరకు మృదులాస్థి బయటి వైపు బాగుంది. లోపలి వైపు పాత అరుగుదల మీద కొత్తగా మెత్తబడ్డ చోట్లు.

ఇంకో నలభై ఎనిమిది గంటలకు, ఈసారి ఏ అంకె కోసమూ ఆగకుండా, మళ్ళీ తీసుకెళ్ళాం. లోపల పొర గులాబీ రంగులో ఉంది, చీము లేదు. ఆరు లీటర్లు పోయించి మూసేశాం. సీఆర్పీ ఆ పొద్దున 120, తర్వాత రెండు రోజులకు 61. ఇన్సులిన్ సగానికి పడిపోయింది.

ఈలోపు కల్చర్ వచ్చింది. మోకాలి చీములోనూ రక్తంలోనూ స్టాఫైలోకోకస్ ఆరియస్, మామూలు రకం. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగుతుంది. చాలాచోట్ల ఈ రిపోర్టు వచ్చాక కూడా వాంకోమైసిన్ పెద్ద మందు అని దాన్నే సాగదీస్తారు. అది తప్పు. లొంగే స్టాఫ్‌కు సెఫజోలిన్ లాంటి మందే మెరుగ్గా పనిచేస్తుంది, కిడ్నీ మీద భారమూ తక్కువ. రెండు గ్రాములు ఎనిమిది గంటలకోసారి మొదలుపెట్టాం. సెలైన్‌తో క్రియాటినిన్ అప్పటికే 1.1కి వచ్చింది.

రక్తంలో స్టాఫ్ పెరిగిందంటే అది మోకాలి జబ్బు మాత్రమే కాదు. గుండె కవాటాల మీద కూర్చుందేమో ఎకోలో చూడాలి, వెన్నునొప్పి ఉందా అడగాలి, రక్తం శుభ్రమయ్యే దాకా కల్చర్లు మళ్ళీ మళ్ళీ తీయాలి. ఎకో బాగుంది. రెండో రక్తం కల్చర్ ఖాళీగా వచ్చింది. మందు రోజుల లెక్క ఆ ఖాళీ కల్చర్‌కు రక్తం తీసిన రోజు నుంచి మొదలు.

ఎన్ని వారాలు ఇవ్వాలన్నది ఇప్పటికీ వాదనే. కడిగాక రెండు వారాలు చాలు, నాలుగు అక్కర్లేదని 2019లో స్విట్జర్లాండ్ నుంచి మంచి అధ్యయనం వచ్చింది. దాన్ని చూపించి మోకాలికి కూడా రెండు వారాలే అనేవాళ్ళున్నారు. ఆ రోగుల్లో ఎక్కువమందివి చేతి, మణికట్టు కీళ్ళు. రక్తంలో స్టాఫ్, షుగర్ సగటు 11, చీము వెనక తిత్తిలో. ఇలాంటి మోకాలికి ఆ లెక్క వేసే ధైర్యం నాకు లేదు. నాలుగు వారాలు సిర ద్వారా, ఆపై రెండు వారాలు సెఫలెక్సిన్ మాత్రలు.

రోజుకు మూడుసార్లు సూది పల్లెలో ఎవరు వేస్తారు? ఇది పుస్తకాల్లో ఉండదు. మూడు వారాలు మా దగ్గరే ఉన్నాడు. ఆఖరి వారం అనంతపురంలోనే చెల్లెలి ఇంట్లో దిగాడు, కొడుకు బండి మీద పూటకోసారి తెచ్చి సూది వేయించుకుని పోయేవాడు. మేకల్ని బావమరిది చూశాడు, అందులో రెండు అమ్మేశారు. ఖర్చులో ఎక్కువ భాగం ఆరోగ్యశ్రీ కింద పోయింది. పనిలేని రోజులకు ఆయనకు ఏమీ రాలేదు.

మోకాలు కదిలించడం రెండో ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే మొదలుపెట్టించాను. చీము పట్టిన కీలును సిమెంటు కట్టులో బిగించి వారాల తరబడి ఉంచే పద్ధతి ఒకప్పుడు ఉండేది. అలా ఉంచితే క్రిమి పోయినా కీలు రాయైపోతుంది. రాత్రి నిటారుగా పెట్టే స్ప్లింటు కట్టు, పగలు ఫిజియోథెరపిస్టు చెయ్యి. ఆయన ఆ అమ్మాయిని తిట్టని రోజు లేదు.

టీబీ జన్యు పరీక్ష నెగటివ్, బయాప్సీలో టీబీని అనుమానించే గుర్తులైన గ్రాన్యులోమాలు లేవు. మేకలు కాసేవాడు కాబట్టి, పశువుల నుంచి అంటే బ్రూసెల్లా క్రిమి పరీక్ష కూడా పంపాను, అదీ లేదు. ఈ రెండు పరీక్షలూ మా ప్రాంతంలో మర్చిపోకూడదు. నెలల తరబడి వాపు, తక్కువ నొప్పి, సాయంత్రం జ్వరం, చెమట ఉంటే వాటినే ముందు వెతకాలి. టీబీ మోకాలికి అసలు వైద్యం నెలల మాత్రలు. తొందరపడి కడిగి తెరిస్తే గాయం మానకుండా కారుతూ కూర్చోవచ్చు. షుగర్ ఉండి వానల్లో బురదలో తిరిగినవాళ్ళకు, మట్టిలోని క్రిమితో వచ్చే మెలియాయిడోసిస్ కూడా తలచుకోవాలి. దానికి మనం అలవాటుగా ఇచ్చే మందులు సరిపోవు, సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కావాలి.

అనంతపురం పల్లెల్లో ఇంకో సంగతి ఉంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు బిగిసిన మనుషులు, వర్షాధారం చేలల్లో నడుము వంచే పని, దగ్గర్లో ఎముకల డాక్టరు లేకపోవడం. ఇవన్నీ కలిసి మోకాలి సూదికి గిరాకీ తెచ్చాయి. సూది తప్పని నేను అనను, నేనూ వేస్తాను. చేతికి తొడుగు, చర్మానికి మందు, ఒక్కరికే వాడే మందు సీసా ఉంటే ఇన్ఫెక్షన్ చాలా అరుదు. ఒకే సీసాలోంచి రోజంతా పదిమందికి లాగితే కాదు.

కడగడంతో పోని మోకాళ్ళ సంగతీ చెప్పాలి, ఈయన కూడా అటు వెళ్ళేవాడే. నాలుగో దశ దాటి కీలు పాడైపోయి క్రిమి ఇంకా ఉంటే, ఎముక చివరలు కోసి తీసేసి ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెడతాం. కొన్ని వారాల తర్వాత ఇన్ఫెక్షన్ పోయిందని నమ్మకం కుదిరాక దాన్ని తీసి కృత్రిమ కీలు. అంత ఖర్చుకూ రెండు పెద్ద ఆపరేషన్లకూ తట్టుకోలేని వాళ్ళకు, తొడ కండరం పనిచేయని వాళ్ళకు మోకాలిని వంగకుండా అతికించేయడం మిగులుతుంది. రింగులతోనో పొడవాటి రాడ్‌తోనో చేస్తారు. బస్సెక్కడం, నేల మీద కూర్చోవడం పోతాయి, నొప్పి లేని గట్టి కాలు మిగులుతుంది. కూలి పని చేసే కొందరికి అదే నయం. క్రిమి ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి వస్తే కాలు తీయడం. ఈ మాట మొదటి రోజే ఇంట్లోవాళ్ళతో చెప్పి ఉంచడం మంచిది. ఆఖరి రోజు మొదటిసారి వింటే నమ్మరు.

కృత్రిమ మోకాలు ముందే వేసి ఉన్నవాళ్ళకు లెక్క వేరు. లోహం మీద క్రిమి జిగురు పొర కట్టుకుంటుంది, మందు అందులోకి దిగదు. లక్షణాలు మొదలై మూడు వారాల లోపే వస్తే తెరిచి, కడిగి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క మార్చి కీలును నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు. అది దాటితే కీలు మొత్తం తీయాల్సిందే. అలాంటి వాళ్ళకు స్కోప్‌తో కడగడం వృథా, ప్లాస్టిక్ ముక్క వెనక చేరదు.

ఆరు వారాలకు ఈయన మోకాలు పది నుంచి ఎనభై అయిదు డిగ్రీలు, మూడు నెలలకు అయిదు నుంచి 105. పద్నాలుగు నెలలకు పూర్తిగా చాచగలడు, 110 దాకా వంచగలడు. నడుస్తాడు, బస్సు ఎక్కుతాడు. గొంతుక్కూర్చోలేడు. దానికి ఇంకా చాలా వంపు కావాలి, అది రాదు. శనక్కాయ పీకే పనికి కూలీలను పెట్టాడు, మేకల వెంట మాత్రం తానే పోతాడు. సీఆర్పీ 4. ఎక్స్‌రేలో లోపలి సందు దాదాపు మూసుకుపోయింది.

"మోకాలు మార్చేయండి సార్" అంటున్నాడు. ఇంకా ఆగమన్నాను. ఒకసారి చీము పట్టిన మోకాల్లో కృత్రిమ కీలు వేస్తే మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు మామూలు మోకాలి కన్నా ఎక్కువ. ఎంతకాలం ఆగాలన్నదానికి అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. వేసే రోజు వస్తే ముందు కనీసం రెండు వారాలు ఏ యాంటీబయాటిక్ లేకుండా ఉంచి మోకాల్లోంచి ద్రవం తీసి చూడాలి, సిమెంటులో మందు కలపాలి. షుగర్ సగటు ఇప్పుడు 7.6. మొదటి రోజు 11.2 ఉన్నవాడికి అది చిన్న సంగతి కాదు.

పోయిన నెల వచ్చినప్పుడు మోకాలి సంగతి ఎత్తకముందే చెప్పులు విప్పి రెండు మడమలూ బల్ల మీద పెట్టాడు. కుడి మడమలో ఒక్క సన్న పగులు. వాసెలీన్ రాస్తూనే ఉన్నానన్నాడు. రాయడం లేదని పక్కన భార్య అంది.